కరువు పని ఎవరి పద్దు?

ఉపాధి హామీ పథకానికి కాగితాల మీద పేరు ఎన్నిసార్లు మారినా మన పల్లెల్లో దాన్ని కరువు పని అనే అంటారు. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ఆ పనికి రోజుకూలి రూ.307. ఈ 307 రూపాయలు ఎవరి ఖజానా నుంచి రావాలన్నది పైకి గుమాస్తాల లెక్కలా కనిపిస్తుంది. రేపు ఎండాకాలంలో ఊళ్లో పని దొరుకుతుందా లేదా అన్నది తేల్చేది మాత్రం ఆ లెక్కే. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన వీబీ-జీ రామ్ జీ చట్టం ఆ లెక్కను తిరగరాసింది. చర్చంతా పేరు చుట్టూ, గాంధీజీ పేరు తీసేయడం చుట్టూ నడిచింది. ఆ బాధలో న్యాయం ఉంది. కానీ కూలీకి అంతకంటే పెద్ద దెబ్బ ఖర్చు పంపకంలో తగిలింది. దాని గురించి మన రెండు రాష్ట్రాల్లో జరగాల్సినంత చర్చ జరగలేదు.

పాత చట్టం ఏం చెప్పిందో ముందు చూద్దాం. 2005 నాటి ఆ చట్టం కింద నైపుణ్యం అక్కర్లేని పనికి కూలి మొత్తం కేంద్రమే భరించేది. సామగ్రి ఖర్చులో మూడు వంతులు కేంద్రానివి, ఒక వంతు రాష్ట్రానిది. పనుల్లో కూలి వాటా 60 శాతానికి తగ్గకూడదు. కాబట్టి వంద రూపాయల పని జరిగితే రాష్ట్రం పెట్టుకునేది దాదాపు పది రూపాయలు. దీనికి తోడు ఒక జరిమానా కూడా పెట్టారు. పని అడిగిన 15 రోజుల్లోగా చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మొదటి 30 రోజులకు కూలిలో నాలుగో వంతుకు తగ్గకూడదు, ఆపైన సగానికి తగ్గకూడదు. ఆ భృతి భారం మాత్రం పూర్తిగా రాష్ట్రానిదే. అంటే పని ఇస్తే కూలి ఖర్చు ఢిల్లీది, ఇవ్వకపోతే జరిమానా రాష్ట్రానిది. ముఖ్యమంత్రి ఏ పార్టీవాడైనా, పేదల మీద ప్రేమ ఉన్నా లేకున్నా, పని ఇవ్వడమే అతనికి లాభం. సమాఖ్య వ్యవస్థలో చట్టం ఎలా రాయాలో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడదు. ఆ చట్టం నాయకుల మంచితనాన్ని నమ్ముకోలేదు, వాళ్ల లెక్కను నమ్ముకుంది.

కొత్త చట్టంలో కూలి అయినా సామగ్రి అయినా కేంద్రం 60, రాష్ట్రం 40. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90:10. పనిదినాలు వంద నుంచి 125కు పెరిగాయి. ఇప్పుడు అదే 307 రూపాయలు తీసుకుని లెక్క వేయండి. పని ఇస్తే రాష్ట్రం పెట్టుకోవాల్సింది కూలి మీదే రోజుకు రూ.122.80. పాత చట్టంలోని భృతి లెక్కనే పట్టుకుంటే, పని ఇవ్వకపోతే మొదటి నెల రోజులకు కట్టాల్సింది రూ.76.75. పని ఇవ్వడం కంటే ఎగ్గొట్టడం చవక. నెల దాటాక భృతి రూ.153.50 అవుతుంది కాబట్టి కాగితం మీద తక్కెడ మళ్లీ పని వైపు మొగ్గుతుంది. కానీ ఆచరణ సంగతి ఊళ్లలో అందరికీ తెలుసు. నిరుద్యోగ భృతి చేతికందిన కూలీలు మన దగ్గర అరుదు. పని అడిగినట్టు తేదీ వేసిన రసీదు ఇవ్వరు, రసీదు లేకపోతే 15 రోజులు ఎప్పటినుంచి మొదలయ్యాయో ఎవరూ నిరూపించలేరు. కాబట్టి ఆర్థిక శాఖ అధికారి కళ్లతో చూస్తే అసలు లెక్క ఇది: పని ఇస్తే 122 రూపాయల 80 పైసలు ఖర్చు, ఇవ్వకపోతే సున్నా. పాత చట్టం కింద పని ఇచ్చినా కూలి ఖర్చు సున్నాయే.

మరో వైపు నుంచి చూస్తే, పాత పద్ధతిలో రాష్ట్రం ఒక రూపాయి పెడితే ఢిల్లీ నుంచి తొమ్మిది రూపాయలు ఊళ్లోకి వచ్చేవి. ఇప్పుడు రూపాయి పెడితే రూపాయిన్నర వస్తుంది. పింఛన్లు, ఉచిత బస్సు, రైతు భరోసా, జీతాలు, పాత బిల్లులు అన్నీ ఒకే ఖజానా దగ్గర వరుసలో నిలబడి ఉన్నప్పుడు, తొమ్మిది రూపాయలు తెచ్చే రూపాయికి దొరికే చోటు రూపాయిన్నర తెచ్చే రూపాయికి దొరకదు. ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. బడ్జెట్ వేసే ఏ అధికారైనా చేసేది ఇదే.

ఈ పథకానికి వెనక ఒక చరిత్ర ఉంది. 1972 నాటి ఘోర కరువులో మహారాష్ట్ర ఉపాధి హామీ మొదలుపెట్టింది, 1977లో చట్టం చేసింది. దాని ఖర్చు కోసం 1975లో వృత్తి పన్ను వేసింది. బొంబాయిలో ఉద్యోగం చేసేవాళ్ల జీతంలోంచి తీసి మరాఠ్వాడా కూలీకి ఇచ్చింది. ఒక రాష్ట్రం తన డబ్బుతో తాను చేసుకుంది, ఎందుకంటే దాని చేతిలో బొంబాయి ఉంది. అలాంటి నగరం లేని రాష్ట్రాలు ఆ పని చేయలేకపోయాయి. ముప్పై ఏళ్ల తర్వాత కేంద్రం కూలి మొత్తం తానే భరిస్తానని ముందుకొచ్చింది అందుకే. కరువు జిల్లాలకు కూలి ఇవ్వగల ఖజానా ఢిల్లీలో ఉంది, ఆ కరువు ఉన్నది అనంతపురంలో. 2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని ప్రారంభించింది అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే.

ఆ తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఈ పథకంలో దేశానికే దారి చూపింది. మస్టర్లను కంప్యూటర్లోకి ఎక్కించింది. మస్టరును ఊరి మధ్యలో చదివి వినిపించి, పేరు ఉన్నవాడు నిజంగా పనికొచ్చాడా, డబ్బు అందిందా అని అడిగే సామాజిక తనిఖీని ఒక వ్యవస్థగా నిలబెట్టింది. దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టింది. మండల కేంద్రంలో ప్రజావేదిక జరిగిన రోజు ఫీల్డ్ అసిస్టెంటు, మేటు, సాంకేతిక సహాయకుడు కూలీల ఎదుట నిలబడి జవాబు చెప్పాల్సి వచ్చేది. ఎండలు ముదిరే ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొలతల్లో 20 నుంచి 30 శాతం దాకా సడలింపు ఇచ్చి, తక్కువ మట్టి తీసినా పూర్తి కూలి పడేలా వేసవి భత్యం పెట్టింది. రాయలసీమ ఎండలో గట్టినేల తవ్వినవాళ్లకు దాని విలువ తెలుసు.

ఇదంతా అధికారుల నిబద్ధత వల్ల జరిగిందని రాస్తుంటారు. నిబద్ధత ఉంది, కాదనను. దాని వెనక రాజకీయ లెక్క కూడా ఉంది. అప్పుడు ఢిల్లీలోనూ హైదరాబాదులోనూ కాంగ్రెస్సే. కూలి డబ్బు ఢిల్లీది, పేరు ఇద్దరిదీ. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఎంత ఎక్కువ పని చూపిస్తే రాష్ట్ర ఖజానా మీద పెద్దగా భారం లేకుండా అంత మంచి పేరు వచ్చేది. 2009లో ఈ రాష్ట్రం 42 లోక్‌సభ సీట్లలో 33 కాంగ్రెస్‌కు ఇచ్చింది. దానికి ఒక్క ఉపాధి హామీయే కారణమని చెప్పలేం గానీ, పని చూపించిన ప్రభుత్వానికి ఓటు నష్టమైతే రాలేదు. ఖర్చు, పేరు, ఓటు మూడూ ఒకే దిక్కు లాగినప్పుడు పథకం ఎంత బాగా నడుస్తుందో ఆ నాలుగేళ్లు చూపించాయి.

ఆ తర్వాత ఢిల్లీలో ఒక పార్టీ, ఇక్కడ మరో పార్టీ వచ్చాక లెక్క మారింది. కూలి నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది, దాని మీద ముఖ్యమంత్రి బొమ్మ ఉండదు. సామగ్రి నిధులతో వేసిన సిమెంటు రోడ్డు మాత్రం పదేళ్లు కళ్లముందు ఉంటుంది. శిలాఫలకం ఉంటుంది, పని చేసిన స్థానిక నాయకుడు ఉంటాడు. అందుకే రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాల చూపు కూలి వైపు నుంచి సామగ్రి వైపు జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 మధ్య ఊరూరా సిమెంటు రోడ్లు పడ్డాయి. 2019లో ప్రభుత్వం మారాక ఆ పనుల బిల్లులు ఆగిపోయి గొడవ హైకోర్టుకు చేరింది. తెలంగాణలో వైకుంఠధామాలు, నర్సరీలు, పల్లె ప్రకృతి వనాలు, ధాన్యం ఆరబోసే కల్లాలు ఈ నిధుల నుంచే వచ్చాయి. కల్లాలు పథకం నిబంధనల్లోకి రావంటూ కేంద్రం రూ.151 కోట్లు వెనక్కి కట్టమంటే 2022 డిసెంబరులో భారాస రోడ్డెక్కింది. ఆ రోడ్లూ కల్లాలూ ఊళ్లకు అక్కరకొచ్చినవే. ఎవరినీ తప్పుపట్టడానికి ఇవి చెప్పడం లేదు. కంటికి కనిపించి పేరు తెచ్చే పని వైపే ప్రభుత్వం నడుస్తుందని, కూలి దినాలు అలాంటి పేరు తేవని గుర్తుచేస్తున్నాను. పేరు రాని ఆ ఖర్చులో ఇప్పుడు 40 శాతం వాటా కూడా పెట్టుకోమంటున్నారు.

కేంద్రం వాదనలో బలం ఉన్న చోటు ఒకటుంది, దాన్ని దాటవేయడం సరికాదు. 2023-24 ఆర్థిక సర్వే ప్రకారం దేశంలోని పేదల్లో ఒక్క శాతం కూడా లేని తమిళనాడు ఈ పథకం నిధుల్లో దాదాపు 15 శాతం వాడుకుంది. పేదల్లో 45 శాతం దాకా ఉన్న బిహార్, ఉత్తరప్రదేశ్ రెండూ కలిసి వాడుకున్నది 17 శాతం. అడిగినవాడికి పని అన్న సూత్రం, అడగడం తెలిసిన చోట, అడిగితే రాసుకునే పంచాయతీ ఉన్న చోట బాగా పనిచేసింది. అసలు పేద ఉన్నచోట పంచాయతీకి మనుషుల్లేరు, ఇంజినీర్లు లేరు, పని పెట్టించాలన్న ఒత్తిడి లేదు. ఇది నిజమైన లోపం. అందుకే ఇకపై రాష్ట్రాలవారీగా కొలమానాల ప్రకారం కేటాయింపులు చేస్తామని కొత్త చట్టం అంటోంది.

కానీ ఆ లోపానికి ఈ మందు పనిచేయదు. బిహార్ వాడుకోలేకపోయింది వాటా తక్కువై కాదు, యంత్రాంగం లేక. ఇప్పుడు అదే బిహార్ మీద 40 శాతం వాటా మోపారు. సొంత పన్నుల రాబడి అంతంతమాత్రంగా ఉన్న ఆ రాష్ట్రానికీ, ముంబై చేతిలో ఉన్న మహారాష్ట్రకూ ఒకటే నిష్పత్తి. పేద రాష్ట్రాలకు మేలు చేయడమే ఉద్దేశమైతే హిమాలయ రాష్ట్రాలకు ఇచ్చిన 90:10 బిహార్‌కూ ఇవ్వాల్సింది. అలా చేయలేదు. కాబట్టి కేటాయింపు కాగితం మీద బిహార్‌కు పెరిగినా, దాన్ని తెచ్చుకోవడానికి పెట్టాల్సిన డబ్బు లేక చివరికి ఖర్చు తగ్గే ప్రమాదమే ఎక్కువ.

ఆ కేటాయింపు దాటి పని జరిగితే మొత్తం ఖర్చు రాష్ట్రమే భరించాలి. కరువొచ్చిన ఏడాది కూలీలు ఎక్కువమంది పనికొస్తారు. ఆ ఏడాదే రాష్ట్రానికి రాబడి తగ్గుతుంది. పాత చట్టంలో ఆ ఏడాది భారం ఢిల్లీ మీద పడేది. కరోనా వచ్చిన 2020-21లో కేంద్రం ఈ పథకం మీద లక్షా 11 వేల కోట్లు ఖర్చు పెట్టగలిగింది, ఎందుకంటే దానికి అప్పు తెచ్చుకునే శక్తి, నోటు అచ్చువేసే బ్యాంకు ఉన్నాయి. రాష్ట్రానికి అవి లేవు. కేటాయింపు దాటిన తర్వాత ఒక్కో కూలి దినానికి 307 రూపాయలూ రాష్ట్రమే పెట్టుకోవాలంటే, కరువు ఏడాది మధ్యలో పని ఆపేయమని కలెక్టర్లకు నోటిమాటగా ఆదేశాలు వెళ్తాయి. కరువు పని కరువులోనే దొరక్కుండా పోతుంది.

కేటాయింపు అధికారం ఒకరి చేతిలో ఉంటే ఏం జరుగుతుందో పశ్చిమ బెంగాల్ చూసింది. అవకతవకలు జరిగాయంటూ కేంద్రం 2022 మార్చి నుంచి ఆ రాష్ట్రానికి ఉపాధి నిధులు ఆపేసింది. ఆరోపణల్లో కొన్ని నిజమే కావచ్చు. దొంగ మస్టరు రాసినవాడిని పట్టుకుని శిక్షించవచ్చు, కానీ ఆగిపోయింది నిజంగా మట్టి తవ్వినవాళ్ల కూలి. 2025 ఆగస్టు 1 నుంచి పథకం మళ్లీ మొదలుపెట్టాలని కలకత్తా హైకోర్టు చెప్పాల్సి వచ్చింది, అక్టోబరులో సుప్రీంకోర్టు కేంద్రం అప్పీలును కొట్టేసింది. ఈలోపు 2024 లోక్‌సభ ఎన్నికల ముందు రాష్ట్ర ప్రభుత్వం తన డబ్బుతో బకాయి కూలి చెల్లించి ఆ పేరు తాను తీసుకుంది. ఆపినవారికీ రాజకీయ లాభం కనిపించింది, చెల్లించినవారికీ కనిపించింది. మధ్యలో రెండేళ్లు కూలి రాని కుటుంబాలు మాత్రం అప్పు చేసి బతికాయి.

ఇక రాష్ట్రాల దగ్గర డబ్బు ఉందా అన్నది. 2018-19లో దేశంలో ప్రభుత్వాలన్నీ కలిసి సమకూర్చుకున్న వనరుల్లో 62.7 శాతం కేంద్రం చేతికి వస్తే, ఖర్చులో 62.4 శాతం రాష్ట్రాలు భరించాయని 15వ ఆర్థిక సంఘం లెక్క తేల్చింది. ఈ తేడాను పూడ్చడానికే ఆర్థిక సంఘం ఉంది. వై.వి.రెడ్డి అధ్యక్షత వహించిన 14వ ఆర్థిక సంఘం పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది. 15వ సంఘం 41 చేసింది, 16వ సంఘం అక్కడే ఉంచింది. అయితే ఈ వాటా సెస్సులకూ సర్‌చార్జీలకూ వర్తించదు. పంచుకోవాల్సిన పన్ను పెరిగేసరికి పంచుకోనక్కర్లేని పన్ను వేయాలన్న ఆశ కేంద్రానికి పుట్టింది. కేంద్రం స్థూల పన్ను రాబడిలో 2011-12లో పది శాతం దగ్గర ఉన్న సెస్సులు, సర్‌చార్జీలు 2020-21 నాటికి 20 శాతం దాకా చేరాయి.

పెట్రోలును చూస్తే ఇది అరచేతిలో కనబడుతుంది. 2021 ఫిబ్రవరి బడ్జెట్ తర్వాత లీటరు పెట్రోలు మీద కేంద్రం వసూలు చేసింది రూ.32.90. అందులో పంచుకోవాల్సిన మూల ఎక్సైజు సుంకం రూ.1.40 మాత్రమే. రోడ్ల సెస్సు 18, ప్రత్యేక అదనపు సుంకం 11, వ్యవసాయ సెస్సు రెండున్నర. రూ.1.40లో 41 శాతం అంటే 57 పైసలు, అది 28 రాష్ట్రాలు పంచుకోవాలి. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన వాటాల ప్రకారం అందులో ఆంధ్రప్రదేశ్‌కు దక్కేది రెండు పైసల చిల్లర, తెలంగాణకు ఒక పైసా చిల్లర. ఒంగోలులోనో కరీంనగర్‌లోనో బండిలో పెట్రోలు పోయించుకున్న మనిషి కట్టిన 32 రూపాయల 90 పైసల్లో సొంత రాష్ట్రానికి ఆ దారిన తిరిగి వచ్చింది అంతే. రాష్ట్రాలు ఊరుకున్నాయా అంటే లేదు. ఆంధ్రప్రదేశ్ 31 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, మరో రూపాయి రోడ్డు సెస్సు వేసింది. తెలంగాణ 35.2 శాతం వ్యాట్ వేసింది. ఎవరి లెక్క వాళ్లకు సరిపోయింది, భరించింది మాత్రం ఒక్కడే.

జీఎస్టీ వచ్చాక రాష్ట్రాలు సొంతంగా పెంచుకోగలిగినవి పెట్రోలు, మద్యం, రిజిస్ట్రేషన్లు, వాహన పన్ను లాంటివే మిగిలాయి. దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన ఉద్యమం ఊపులో 1995 జనవరిలో ఎన్టీఆర్ తెచ్చిన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలింది. అప్పుడు చెప్పిన కారణం ఖజానాయే. రాష్ట్రాల చేతిలో అప్పుడు అమ్మకం పన్ను ఉండేది, ఇప్పుడు అదీ లేదు. కొత్త 40 శాతం వాటాను ఏ రాష్ట్రమైనా చివరికి సీసా మీదో పెట్రోలు మీదో రాబట్టాల్సిందే. కరువు పని కూలిలో కొంత మళ్లీ మద్యం దుకాణం దగ్గరే పోగవుతుంది.

సొంత రాబడి చాలనప్పుడు మిగిలేది అప్పు. దాని గేటు దగ్గర కూడా కేంద్రమే ఉంది. 2020 మేలో కరోనా మధ్య రాష్ట్రాల అప్పు పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 నుంచి 5 శాతానికి పెంచారు. పెరిగిన రెండు శాతంలో అర శాతానికే షరతుల్లేవు. మిగతాది రేషను, వ్యాపార అనుమతులు, పట్టణ పన్నులు, కరెంటు సంస్కరణలకు ముడిపెట్టారు. ఆంధ్రప్రదేశ్ ఒప్పుకుని శ్రీకాకుళం జిల్లాలో వ్యవసాయ మోటార్లకు మీటర్లు పెట్టింది. ఆస్తి పన్నును ఆస్తి విలువకు ముడిపెట్టింది. తెలంగాణ మీటర్లకు ససేమిరా అంది. 2021-22, 2022-23 సంవత్సరాల్లో కరెంటు సంస్కరణల పేరిట ఆంధ్రప్రదేశ్‌కు రూ.9,574 కోట్ల అదనపు అప్పు దొరికింది, అలా అప్పు దొరికిన 12 రాష్ట్రాల జాబితాలో తెలంగాణ లేదు. ఒకే భాష, ఒకే రకం బోర్లు, ఒకే వేరుశనగ, వరి. రెండు నిర్ణయాలు ఎందుకొచ్చాయి? నగదు బదిలీ పథకాలు భుజాన వేసుకున్న ప్రభుత్వానికి ఆ ఏడాది అప్పు కావాలి. 2018 జనవరి నుంచి 24 గంటల ఉచిత కరెంటు ఇస్తున్న ప్రభుత్వానికి, బోరు కింద బతికే 23 లక్షల పంపుసెట్ల రైతుల ఓటు కావాలి. మీటరు పెడితే రైతుకు మంచిదా, డిస్కంలకు వాడకం లెక్క తేలడం అవసరమా అన్న అసలు ప్రశ్నను రెండుచోట్లా లోతుగా చర్చించలేదు. అప్పుకు ముడిపెట్టి వచ్చింది కాబట్టి అది మొదటినుంచీ ఉరితాడుగానే పల్లెల చెవిన పడింది. మంచి సంస్కరణను కూడా పాడుచేసే పద్ధతి ఇది.

ముందుగా తన డబ్బుతో చేసుకున్నవాడికి జరిగే నష్టం ఇంకొకటి. తెలంగాణ 2016లో మిషన్ భగీరథ మొదలుపెట్టి అప్పులు తెచ్చి ఇంటింటికీ నల్లా ఇచ్చింది. నీతి ఆయోగ్ ఈ పథకానికి రూ.19,205 కోట్లు ఇవ్వమని సిఫారసు చేసినా కేంద్రం ఇవ్వలేదు. 2019లో సగం ఖర్చు తానే పెడతానంటూ కేంద్రం జల్ జీవన్ మిషన్ తెచ్చింది. ఆగి చూసిన రాష్ట్రాలకు సగం డబ్బొచ్చింది, ముందడుగు వేసిన రాష్ట్రానికి అప్పు మిగిలింది. కేంద్రం ఎప్పుడో పథకం తెస్తుంది, అప్పటిదాకా ఆగుదామన్న పాఠం మిగతా రాష్ట్రాలు నేర్చుకోకుండా ఉంటాయా?

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మన ప్రాంతీయ పార్టీల తీరు. 2024 ఎన్నికల తర్వాత తెలుగుదేశం 16 మంది ఎంపీలతో కేంద్ర ప్రభుత్వానికి ఊతమైంది. దాని ఫలితంగా అమరావతికి రూ.15 వేల కోట్ల సాయం బడ్జెట్లో ప్రకటించారు, విశాఖ ఉక్కుకు రూ.11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. రెండూ రాష్ట్రానికి కావలసినవే, తెచ్చినందుకు మెచ్చుకోవాలి. కానీ ఖర్చు వాటా 60:40 కాకుండా చూడటం, సెస్సులకు హద్దు పెట్టించడం వంటి వాటికి ఆ బలాన్ని ఎంత వాడారన్నది అడగాల్సిన ప్రశ్న. ఇక్కడా ప్రోత్సాహకాల లెక్కే పనిచేస్తుంది. ప్యాకేజీ తెస్తే ఆ పేరు ఒక్క పార్టీకే వస్తుంది, శంకుస్థాపన ఉంటుంది, ఫొటో ఉంటుంది. నియమాన్ని మార్పిస్తే లాభం 28 రాష్ట్రాలకూ వెళ్తుంది, పేరు ఎవరికీ రాదు. అందుకే ప్యాకేజీ కోసం అందరూ ఢిల్లీ వెళ్తారు, నియమం కోసం ఎవరూ వెళ్లరు. రాష్ట్రాలన్నీ కూర్చుని నియమాల గురించి మాట్లాడుకోవడానికి రాజ్యాంగం 263వ అధికరణం కింద అంతర్రాష్ట్ర మండలి ఉంది. అది చివరిసారి సమావేశమైంది 2016 జులైలో. పన్నులు మన దగ్గర వసూలు చేసి పథకంగా తిరిగి ఇస్తూ అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు పేరు వేసుకుంటున్నారని ముఖ్యమంత్రులు సభల్లో అంటారు. ఆ మాట అనాల్సిన వేదిక పదేళ్లుగా తాళం వేసి ఉంటే, తెరవమని గట్టిగా అడగరు.

ఏం చేయాలో చెప్పడం కష్టం కాదు. కూలి భాగం వరకైనా కేంద్రమే పూర్తిగా భరించాలి. సామగ్రిలో రాష్ట్రం వాటా పెంచినా తట్టుకోవచ్చు, ఎందుకంటే అందులో రాష్ట్రానికి పేరు వస్తుంది, ఆ ఖర్చును అది ఎలాగో పెట్టుకుంటుంది. కరువు ప్రకటించిన మండలాలకు కేటాయింపు హద్దు ఉండకూడదు. కేటాయింపు కొలమానాలను అంతర్రాష్ట్ర మండలి ముందు పెట్టి, అందరికీ తెలిసేలా ప్రకటించాలి. సెస్సుల రాబడి ఒక హద్దు దాటితే ఆపైన ఉన్నది పంచుకునే పన్నుల్లోకి రావాలి. ఇవి ఢిల్లీ చేయాల్సినవి, త్వరగా చేస్తుందన్న నమ్మకం నాకు లేదు. రాష్ట్రాలు ఇప్పుడే చేయగలిగింది, 40 శాతం వాటాను ప్రత్యేక పద్దుగా బడ్జెట్లో చూపించి, ఏడాది మొదట్లోనే ఆ డబ్బు వేరే ఖాతాలో వేయడం. జీతాలకీ పింఛన్లకీ పోగా మిగిలితే ఇద్దాం అనుకుంటే మిగలదు. సామాజిక తనిఖీని ప్రభుత్వ శాఖ చేతికింద పెట్టకుండా, మొదట్లో ఉన్న స్వతంత్రతను తిరిగి ఇవ్వాలి. పని ఎగ్గొట్టడం చవకైన చట్టంలో, ఎగ్గొట్టిన సంగతి బయటపెట్టేవాళ్లు ఉండటం మరింత అవసరం.

ఈ వ్యాసం చదువుతున్నవాళ్లలో ఎమ్మెల్యేలు, సర్పంచులు, పంచాయతీ కార్యదర్శులు, జాబ్ కార్డు ఉన్నవాళ్ల పిల్లలు ఉంటారు. మీ రాష్ట్ర బడ్జెట్ పుస్తకంలో ఈ పథకం పద్దు కింద ఎంత చూపారో వెతకండి, ఆ అంకెను గ్రామసభలో చదివి వినిపించండి. ఊళ్లో ఎవరు పని అడిగినా దరఖాస్తు కాగితం మీద రాయించండి, తేదీ వేసి సంతకం చేసిన రసీదు తీసుకునే దాకా అక్కడినుంచి కదలకండి. నిరుద్యోగ భృతి అడిగే హక్కు ఆ తేదీ నుంచి 15 రోజులు లెక్కపెట్టి మొదలవుతుంది. తేదీ లేకపోతే ప్రభుత్వం దృష్టిలో మీరు పని అడగనట్టే.